మంచినీటి చేపల తొట్టెను ఉప్పునీటి తొట్టెగా మార్చుట

ఒక వ్యవసాయాధికారి, బి. యస్సి. (అగ్రి.)

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు దినములలో సముద్రమునుండి ఇలస చేప నదిలోనికి ఎదురీది వచ్చి పులస యగును. ఒకే చేప ఉప్పునీటిలోను, మంచినీటిలోను బ్రతుకుట గోదావరి జిల్లాలవారికి క్రొత్త సంగతి కాదు. అందుచేతనే కాబోలు, ఇంటిలో అద్దపు తొట్టెపెట్టి రంగుచేపలను పెంచుకొనువారిలో కొందరికి ఒక ఆలోచన కలుగుచున్నది. కిందటి వేసవిలో నేను మినుము చేను చూచి వచ్చుచుండగా ఒక రైతుగారి అబ్బాయి గట్టుమీదనే నన్ను ఆపి, "సార్, మా తొట్టెలో ఉప్పు వేస్తే సముద్రపు చేపలు బ్రతుకుతాయా?" అని అడిగినాడు.

బ్రతుకును. కాని ఉప్పు వేయుట అందులో ఒక పూట పని మాత్రమే. తొట్టె మారుటకు నెలన్నర, రెండు నెలలు పట్టును. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి మూడు చేపలను చంపుకొన్నాను. పెరటిలో కాచుచున్న నిమ్మచెట్టును కూడ పాడుచేసుకొన్నాను. ఆ రెండు తప్పులు ఎట్లు జరిగినవో తెలిసినచో పని అంతయు తెలిసినట్లే. కనుక వరుసగా చెప్పెదను.

చేప శరీరమునకు, ఉప్పునకు గల సంబంధము

ఆవకాయకు కోసిన మామిడి ముక్కలపై ఉప్పు చల్లినచో కొంతసేపటికి ముక్కలనుండి ఊట దిగును. ఉప్పు తక్కువగానున్న చోటినుండి ఎక్కువగానున్న చోటికి నీరు పోవుటయే దీనికి కారణము. చేపకు కూడ ఈ నియమమే వర్తించును.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. చేప రక్తములో నుండునది ఇంచుమించు అందులో మూడవ వంతు. మంచినీటి చేప చుట్టునున్న నీటిలో లవణములు బహు తక్కువ. కనుక నీరు ఎడతెగక దాని శరీరములోనికి చొచ్చుచుండును. ఆ చేప నీరు త్రాగదు. లోనికి వచ్చిన నీటిని మూత్రరూపమున బయటికి పంపుచుండును. సముద్రపు చేప స్థితి దీనికి తలక్రిందులు. దాని శరీరమునుండి నీరు ఊటవలె బయటికి పోవుచుండును. కనుక అది సముద్రపు నీటినే త్రాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జించును. పులస వంటి కొన్ని చేపలు మాత్రమే ఈ రెండు పద్ధతులను మార్చుకొనగలవు.

బంగారు చేప, గౌరామి, ఏంజెల్ వంటి మన తొట్టె చేపలకు ఆ శక్తి లేదు. వాటిని నెమ్మదిగా అలవాటు చేసినను సముద్రపు నీటిలో నిలువవు. మోలీ చేప దీనికి మినహాయింపు. నీటిలోని ఉప్పును రోజునకు లీటరుకు 2, 3 గ్రాముల కంటె మించకుండ పెంచుచు రెండు వారములు గడపినచో అది పూర్తి సముద్రపు నీటిలో కూడ తిరుగును.

కనుక తొట్టె మార్చదలచినవారు ముందుగా తమ పాత చేపలకు వేరు చోటు చూడవలెను. స్నేహితులకు ఇవ్వవచ్చును, లేదా అమ్మిన దుకాణమునకే తిరిగి ఇవ్వవచ్చును. చెరువులోగాని, కాలువలోగాని ఎట్టి పరిస్థితులలోను వదలరాదు. తొట్టెలో పాచి తినుటకని తెచ్చిన సక్కర్ చేప ఇట్లు బయటపడి, నేడు మన చెరువులలోను, కాలువలలోను పెరిగి జాలరుల వలలు చించుచున్న సంగతి అందరికి తెలిసినదే.

పాత తొట్టెలో ఏవి పనికివచ్చును?

అద్దపు తొట్టె, బల్ల, గాలిపంపు, దీపము పనికివచ్చును. ఇనుప బిగింపులు, రేకు మూతలు తీసివేయవలెను. ఉప్పు గాలికి అవి తుప్పుపట్టి, ఆ తుప్పు నీటిలో పడును. మంచినీటి మొక్కలు ఉప్పునీటిలో కుళ్ళును. చెక్క ముక్కలు నీటికి ఆమ్లగుణము నిచ్చును. రంగురాళ్ళ వలన ప్రయోజనము లేదు. వీనినన్నిటిని తీసివేయవలెను.

పూర్వము ఆ తొట్టెలో చేపల జబ్బులకు రాగి కలిసిన మందు వాడియున్నచో పాత రాళ్ళను, ఇసుకను పూర్తిగా పారవేయుట మంచిది. రాగి వాటిని అంటుకొనియుండి తరువాత మెల్లగా నీటిలో కలియును. చేపలు ఓర్చినను రొయ్యలు, నత్తలు ఓర్వలేవు.

అడుగున పరచుటకు సున్నపు గుణము గల పదార్థము కావలెను. సముద్రపు నీటి పి.హెచ్. 8.1 నుండి 8.4 వరకు ఉండును. అది దిగజారకుండుటకు సున్నపు పదార్థము కొంత తోడ్పడును. గుల్లసున్నపు బట్టీలకు పోవు గుల్లను తెచ్చి, పలుమార్లు మంచినీటితో కడిగి, చిన్న ముక్కలుగా నలగగొట్టి వాడవచ్చును. పగడపు రాళ్ళను మాత్రము కొనరాదు. పగడములు, సముద్రపు గుఱ్ఱములు, సముద్రపు దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001 నుండి రక్షిత జీవుల జాబితాలో ఉన్నవి. వాటిని పట్టుట, అమ్ముట, కొనుట నేరము.

సముద్రపు నీటిలో మంచినీటి కంటె ప్రాణవాయువు తక్కువగా కరగును. 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో లీటరు మంచినీటిలో సుమారు 7.8 మిల్లీగ్రాములు కరుగగా, సముద్రపు నీటిలో 6.4 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. కనుక గాలిపంపు రాత్రింబవళ్ళు నడువవలెను. నీటిపైభాగము కదలుచుండవలెను. వీలున్నవారు నురుగు తీయు సాధనమును అమర్చుకొనవచ్చును. ఇది మలినములను నురుగుతో పాటు పైకి తెచ్చి వేరుచేయును.

విద్యుత్తు విషయములో జాగ్రత్త అవసరము. ఉప్పునీటి తుంపరలు ఆరి తీగల వెంబడి తెల్లని పొరగా పెరుగును. తీగ ప్లగ్గు కంటె దిగువకు వంగి, ఆపైన ప్లగ్గులోనికి పోవునట్లు అమర్చినచో నీటిబొట్టు ప్లగ్గును చేరదు.

ఏ ఉప్పు? ఎంత ఉప్పు?

వంటింటి ఉప్పు పనికిరాదు. నౌపడలోగాని, చినగంజాములోగాని ఉప్పు మడులను చూచినవారికి దీని కారణము సులభముగా తెలియును. సముద్రపు నీరు ఎండకు చిక్కబడునప్పుడు మొదట సున్నము, జిప్సము అడుగునకు దిగును. పిమ్మట ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము లవణములు మిగిలిన చేదునీటిలో నుండిపోవును. కనుక మనము తినునది సముద్రములోని ఒక భాగము మాత్రమే. కిలో సముద్రపు నీటిలో క్లోరైడు 19 గ్రాములకు పైగా, సోడియము సుమారు 10.8 గ్రాములు, సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియము 1.3 గ్రాములు, కాల్షియము, పొటాషియము ఒక్కొక్కటి 0.4 గ్రాము చొప్పున ఉండును. ఈ పాళ్ళలో తయారుచేసిన అక్వేరియము ఉప్పు దుకాణములలో దొరకును. దానినే వాడవలెను.

సముద్రతీరమున నుండువారు సముద్రపు నీటినే తెచ్చుకొనవచ్చును. అయితే వర్షాకాలమునను, ఆ తరువాత కొన్ని నెలలును నదుల నీరు కలియుటచే మన తీరమున ఉప్పదనము తగ్గిపోవును. వేసవిలో, నదీ ముఖములకు, మురుగు కాలువలకు, రేవులకు దూరముగా పట్టిన నీరు మేలు.

ఉప్పు ఎంత కావలెనో లెక్క చూచుకొందము. 3 అడుగుల పొడవు, 1¼ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తు గల తొట్టెలో అంచువరకు 159 లీటర్లు పట్టును. గుల్లకు, రాళ్ళకు, పైన వదలు ఖాళీకి తీసివేయగా నీరు సుమారు 125 లీటర్లు. లీటరుకు 36 నుండి 38 గ్రాముల చొప్పున ఉప్పు 4½ నుండి 4¾ కిలోలు కావలెను. ఇంతకంటె చిన్న తొట్టెతో మొదలుపెట్టరాదు. నీరు తగ్గినకొలది చిన్న పొరపాటు పెద్ద హాని చేయును.

బోరునీటిలో ఏమేమి కరిగియున్నవో తెలియదు. కుళాయినీటిలో క్లోరిను ఉండును. నేడు ఇంచుమించు ప్రతి గ్రామమునందును దొరకు ఆర్.ఓ. నీరు ఇందుకు చక్కగా సరిపోవును. మొదటిసారి మాత్రము ఉప్పును తొట్టెలో కలుపవచ్చును; చేపలున్న పిమ్మట ఎన్నడును తొట్టెలో నేరుగా ఉప్పు వేయరాదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీరు పోసి, అందులో ఉప్పు కొంచెము కొంచెముగా వేసి, గాలిపంపు పెట్టి ఒక దినము కలియనీయవలెను. పిమ్మట హైడ్రోమీటరుతో చూచినచో విశిష్ట సాంద్రత 1.023 కు 1.025 కు నడుమ ఉండవలెను.

తొట్టె మాగుట

నా మొదటి తప్పు ఇక్కడ జరిగినది. నేను మంచినీటిని తోడివేసి, ఆ సాయంత్రమే ఉప్పునీరు నింపినాను. వడపోత స్పంజిని మార్చలేదు. ఏండ్ల తరబడి పనిచేసిన స్పంజి గదా అని నమ్మినాను. మరునాడు పట్టణమునుండి మూడు డామ్సెల్ చేపలను తెచ్చి వదలినాను. నీరు అద్దమువలె తేటగా నున్నది. నాల్గవ దినమున ఒక చేప పోయినది. ఆరవ దినమునకు మూడును పోయినవి.

మనము చేనికి యూరియా వేసినప్పుడు అది నేలలో అమ్మోనియాగా మారును. ఒక రకపు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగాను, మరియొక రకపువి నైట్రైటును నైట్రేటుగాను మార్చును. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్స్కీ ఈ జీవులను వేరుచేసి చూపినాడు. వ్యవసాయ కళాశాలలో ఇది మేము మొదటి సంవత్సరములోనే చదివిన పాఠము. తొట్టెలోను ఇదే జరుగును. చేప విసర్జించు అమ్మోనియా విషము, నైట్రైటును హానికరమే, నైట్రేటు వలన హాని చాల తక్కువ. స్పంజిలో, ఇసుకలో స్థిరపడిన సూక్ష్మజీవులే చేపను కాపాడుచున్నవి.

ఉప్పదనము ఒక్కసారిగా పెరుగుటచే నా స్పంజిలోని మంచినీటి సూక్ష్మజీవులు చాలవరకు చచ్చినవి. పనిచేయుట మానుటయే గాక, కుళ్ళి తామే అమ్మోనియాను పెంచినవి. పైగా పి.హెచ్. 7 నుండి 8.2 కు పెరిగినప్పుడు అమ్మోనియాలో విషరూపమున నుండు భాగము సుమారు పది రెట్లు అధికమగును. ఈ రెండును కలిసి చేపలను చంపినవి. నీరు తేటగా నుండుట ఆరోగ్యమునకు గుర్తు కాదని ఆనాడు తెలిసినది.

పచ్చి పేడ వేసిన చేను మాడునట్లే, మాగని తొట్టెలో చేప చచ్చును. కనుక ఈ విధముగా చేయవలెను. పాత స్పంజిని, ఇసుకను తీసివేసి క్రొత్తవి అమర్చి ఉప్పునీరు నింపవలెను. చేపలను వదలకుండ చిటికెడు చేపమేతనుగాని, చిన్న రొయ్య ముక్కనుగాని నీటిలో వేసి కుళ్ళనీయవలెను. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు పరీక్షించు మందులు దుకాణములలో దొరకును. రెండు మూడు దినములకొకసారి పరీక్షించి పుస్తకములో వ్రాసుకొనవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైటు పెరిగి తగ్గును. ఈ రెండును సున్నకు దిగి, నైట్రేటు మాత్రమే కనిపించిననాడు తొట్టె మాగినదని గ్రహింపవలెను. మన వేడిమిలో దీనికి సాధారణముగా నాలుగునుండి ఆరు వారములు పట్టును. తొందరపడినవారు నావలెనే నష్టపోవుదురు.

చేపలను వదలుట

125 లీటర్ల తొట్టెకు మొదట రెండు చిన్న చేపలు చాలును. నారింజ రంగుపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేప క్రొత్తవారికి అనుకూలము. దీనిని హేచరీలో పొదిగించి పెంచు పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమ విళింజము, మండపము కేంద్రములందు రూపొందించినారు. సముద్రములో పట్టిన చేప కంటె హేచరీ చేప తొట్టెకు, మేతకు త్వరగా అలవాటుపడును. పగడపు దిబ్బలకును హాని జరుగదు. కొనునప్పుడు ఎక్కడిదని అడిగి కొనవలెను.

చేప వచ్చిన సంచిని పదిహేను నిమిషములు తొట్టె నీటిపై తేలనిచ్చి, పిమ్మట బక్కెటులోనికి మార్చి, సన్నని గొట్టముతో తొట్టె నీటిని బొట్టుబొట్టుగా గంటసేపు కలుపవలెను. అటుపైన చేపను మాత్రమే వలతో తీసి వదలవలెను. సంచిలోని నీటిని తొట్టెలో పోయరాదు. మరల చేపలను చేర్చుటకు మూడు నాలుగు వారములు ఆగవలెను. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషములలో తినగలిగినంత వేసిన చాలును.

ఆవిరియగు నీరు

మంచినీటి తొట్టెలో నీరు తగ్గినచో నింపుదుము, అంతే. ఉప్పునీటి తొట్టెలో ఒక మెలిక ఉన్నది. ఆవిరియై పోవునది నీరు మాత్రమే. ఉప్పు తొట్టెలోనే నిలుచును. వేసవిలో ఒక వారము ఊరుకొన్నచో 125 లీటర్లలో 12 లీటర్ల వరకు పోవచ్చును. అప్పుడు లీటరుకు 35 గ్రాములుండవలసిన ఉప్పు దాదాపు 39 అగును. కనుక అద్దముపై నీటిమట్టమునకు గీత గీచి, ప్రతిదినము ఆ గీతవరకు మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పు మరింత పెరిగిపోవును.

రెండు వారములకొకసారి ఐదవ వంతు, అనగా 25 లీటర్లు తీసి, ముందుగా కలిపియుంచిన ఉప్పునీటిని పోయవలెను. నైట్రేటు ఈ విధముగానే తగ్గును. ఇక తీసిన ఆ 25 లీటర్లను ఏమి చేయవలెను? నా రెండవ తప్పు ఇది.

తీసిన నీటికి దారి

మంచినీటి తొట్టెనుండి తీసిన నీరు మొక్కలకు బలము. అందులో నైట్రేటు ఉన్నది. మా ఇంటిలో ఆ నీటిని నా భార్య ఎల్లప్పుడు నిమ్మచెట్టు పాదులో పోయుచుండెడిది. తొట్టె మారిన పిమ్మట కూడ అట్లే పోసినది. రెండు నెలలకు ఆకుల కొనలు మాడినవి; పిందె రాలినది; ఆకు రాలినది. ఊరూర తిరిగి చౌడు భూములకు సలహాలు చెప్పు నేను, నా పెరటిలో చౌడు తయారగుట గమనింపలేదు. తప్పు ఆమెది కాదు, చెప్పని నాది.

సముద్రపు నీటి విద్యుద్వాహకత సుమారు 50 డెసీసీమెన్లు. సాగునీటిలో అది 3 దాటినచో పెక్కు పైరులకు తీవ్ర హాని. నిమ్మ, చిక్కుడు, వంగ ఇంకను సుకుమారములు. పై లెక్క ప్రకారము ఒక్కసారి తీసిన నీటిలో 875 గ్రాములు, సంవత్సరమునకు ఇంచుమించు 23 కిలోల ఉప్పు బయటికి వచ్చును. ఒక పెరడు చెడుటకు ఇది చాలును. ఉప్పులోని సోడియము బంకమట్టిలోని సున్నమును వెడలగొట్టి తాను చేరును. అప్పుడు మట్టి కణములు విడిపోయి, నేల తడిసినప్పుడు బురదయై, ఆరినప్పుడు గట్టిపడి, నీరింకకుండపోవును. నేను పాదులో జిప్సము కలిపి, మురుగు పోవు దారి చేసి, పలుమార్లు మంచినీరు నింపినాను. ఒక్క కొమ్మ తిరిగి చిగిర్చినది. తక్కిన చెట్టు పోయినది.

సముద్రతీర గ్రామములవారు ఆ నీటిని జీవి ఏదియు లేకుండ వడకట్టి ఉప్పుటేరులో పోయవచ్చును. పట్టణములలో మురుగు కాలువ ఉన్నది. లోతట్టు గ్రామములవారు చెరువులోగాని, బావిదగ్గరగాని, బోదెలోగాని పోయరాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల ప్లాస్టిక్ పళ్ళెములో పోసి ఎండలో ఉంచినచో 25 లీటర్లు అంగుళము లోతున నిలిచి, వేసవిలో వారము, పది దినములలో ఆవిరియగును. మిగిలిన ఉప్పును గోకి చెత్తలో వేయవచ్చును. మనుషులకు, పశువులకు పెట్టరాదు. నేడు నేను చేయుచున్నది ఇదే. వానల రోజులలో మూతగల డ్రమ్ములో నిలువచేయుచున్నాను.

ఈ చిన్న తొట్టెలో ఒక పెద్ద సంగతి దాగియున్నది. ఎకరము రొయ్యల చెరువులో మీటరు లోతున, లీటరుకు 10 గ్రాముల ఉప్పు గల నీరున్నచో అందులో 40 టన్నుల ఉప్పుండును. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు గల కారణములలో ప్రక్క పొలములు, త్రాగునీటి బావులు ఉప్పుబారుట యొకటి. గట్టుకు అవతలనున్న వరిచేను ఆ ఉప్పును ఎంచుకొనలేదు, పెరటిలోని నిమ్మచెట్టును ఎంచుకొనలేదు.

గట్టుమీద నన్ను అడిగిన అబ్బాయికి ఇదంతయు చెప్పి, "ముందు తీసిన నీరు ఎక్కడ పోస్తావో చూపించు" అన్నాను. అతడు కొంతసేపు ఆలోచించి, డాబామీద పళ్ళెము పెట్టెదనన్నాడు. రెండు నెలలు ఖాళీ తొట్టెను చూచుచు ఓపికపట్టినాడు. ఇప్పుడు అతని తొట్టెలో రెండు క్లౌన్ చేపలు తిరుగుచున్నవి. వాళ్ళ పెరటిలో వంగ మొక్కలు కాచుచున్నవి. తొట్టె మార్చదలచిన మిత్రులు ముందు నీరు పోవు దారి చూచుకొని, పిమ్మట ఉప్పు సంచి విప్పవలెను.